వీపు లేని కోటు

ఈ భూమ్మీద డిటెక్టివ్ అనదగ్గ మనిషి ఒక్కడే పుట్టాడనీ, ఆ ఒక్కడూ మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక రెండో గల్లీలో, మేడ మీద రేకుల గదిలో అద్దెకుంటున్నాడనీ నందకిశోర్ గట్టి నమ్మకం. నమ్మకాన్ని మనసులో పెట్టుకుని ఊరుకునే మనిషి కాదు. మంగళవారం పొద్దున పదిన్నరకు శ్రీ వాసవాంబ ఫోటో స్టూడియో గడప మీద నిలబడి, గల్లీ అంతా వినేటట్టు చెప్పాడు.

"పురుషోత్తం, నీవు అదృష్టవంతుడివి. నేరస్థలానికి మేధావిని రప్పించడానికి మహారాజులకే నెలలు పట్టింది. నీ గడపకు మేధావి నడిచి వచ్చాడు."

"చెప్పులు బయట విడువు," అన్నాడు పురుషోత్తం. "ఇప్పుడే ఊడ్చిన."

"ఊడ్చినవా?" నందకిశోర్ ముఖం వాడిపోయింది. "అరే, అడుగుజాడలు పోయినయ్ గదరా."

డిటెక్టివ్ పని చేసేటప్పుడు నందకిశోర్ పుస్తకంలో అచ్చేసినట్టు మాట్లాడతాడు. మరిచిపోయినప్పుడు మామూలుగా మాట్లాడతాడు. చిన్నప్పుడు అద్దెకు తెచ్చుకుని చదివిన చవక పుస్తకాలు అతని నోట్లో అట్లాగే ఉండిపోయాయి. తెల్లవారి నుంచి పది దాకా ఇంటింటికీ పేపర్లు వేయిస్తాడు. పది దాటితే డిటెక్టివ్. ఇంతవరకు తేల్చిన కేసు ఒక్కటే. దబీర్‌పురా స్టేషన్ దగ్గర తప్పిపోయిన మేకను పట్టి తెచ్చి ఇంటివాళ్ళకు అప్పజెప్పాడు. అది తమ మేక కాదని వాళ్ళన్నారు. మేక యజమానులు అబద్ధమాడుతున్నారని ఇతను నోటుబుక్కులో రాసుకుని కేసు మూసేశాడు.

పురుషోత్తం అతన్ని పిలవలేదు. ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు, అంతే. ఇద్దరికీ అరవై దగ్గర పడ్డాయి. ఆ పాపం ఇంకా తీరలేదు.

పోయింది కోటు.

మామూలు కోటు కాదు. పురుషోత్తం తండ్రి స్టూడియో పెట్టిన నాటిది. నల్లది. నాలుగు గుండీలు, అందులో మూడోది గోధుమరంగు. దాని గుట్టు ఏమిటంటే, దానికి వీపు లేదు. తండ్రి కత్తెర పట్టి వెనక భాగం మొత్తం కోసి పారేశాడు. ముందు నుంచి తొడిగించి, వెనక రెండు అంచులనూ చొక్కాకు క్లిప్పులతో పట్టిస్తే బక్కవాడికీ సరిపోతుంది, బొజ్జవాడికీ సరిపోతుంది. ఫోటోలో ముందు భాగమే కదా కనబడేది.

ఆ గల్లీలో పెళ్ళైన మగవాళ్ళు చాలామంది పెళ్ళిచూపుల ఫోటో ఆ కోటులోనే దిగారు. ఒకడి సంగతి ఇంకొకడికి తెలుసు. ఎవరూ పైకి చెప్పరు. వీపు లేని కోటు చూసి మీ నాన్న నిన్ను నాకిచ్చాడని ఏ మగవాడు పెళ్ళాంతో అంటాడు? పురుషోత్తం అసలే అనడు. వైద్యుడూ మంగలీ ఫోటోలవాడూ ముగ్గురూ నోరు కట్టుకుని బతకాలని తండ్రి చెప్పి పోయాడు.

నందకిశోర్‌కు మాత్రం ఈ గుట్టు తెలియదు. అతనికి పెళ్ళి కాలేదు. డిటెక్టివ్ ముఖం ఎవరికీ దొరకకూడదని ఫోటోలు దిగడు. ఆధార్ కార్డులో కూడా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"ఎప్పుడు పోయింది?" నోటుబుక్కు తీశాడు.

"ఆదివారం ఉన్నది. నిన్న హుస్సేనీ ఆలంల ఒక ఫంక్షన్ ఉంటె నేను, మా బిడ్డ పూజిత పోయినం. ఇయ్యాల చూస్తె మేకుకు లేదు."

"ఎంతలో దొరకాలి?"

"రేపు పదిలోపల."

రేపు పదింటికి ఎల్లమ్మ వస్తుంది. సాగర్ రోడ్డు మీది పల్లె నుంచి రోజూ ట్రాలీ ఆటోలో మాదన్నపేటకు కూరగాయలు తెచ్చి అమ్ముతుంది. మొన్న పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్‌గా గెలిచింది. ఆమె ఓట్లడిగిన తీరే వేరు. రోడ్డు వేయించడం తన చేతగాదనీ, గెలిస్తే ఇంటింటికీ ఒక ఫోటో దింపిస్తాననీ, ఇంటిల్లిపాదీ కూర్చుని ఇంటిపెద్ద కోటేసుకుని దిగవచ్చనీ చెప్పింది. ఊరు ఊరంతా ఆమెకే ఓటు గుద్దేసింది. రెండువందల పన్నెండు ఇళ్ళు. ముందు పంచాయతీ ఆఫీసు గోడకు తన ఫోటో తీయాలి. అది బాగుంటే ఊరి పని మొత్తం పురుషోత్తానిదే.

కూతురు పూజిత కంప్యూటర్ ముందు కూర్చుని ఆదివారం నాడే ఎల్లమ్మతో అంది. "కోటు నేను కంప్యూటర్ల పెడ్త అక్కా. ఏ రంగు గావాలంటె ఆ రంగు."

"వద్దు బిడ్డా," అంది ఎల్లమ్మ. "పాత సర్పంచ్‌కి గట్లనే పెట్టిన్రు. తల ఒక దిక్కు, కోటు ఒక దిక్కు. ఐదేండ్లు ఊరు నవ్వింది. మాకు నిజం కోటే గావాలె. అది లేకుంటె వేరే స్టూడియో చూసుకుంట."

ఇది తప్పితే స్టూడియో లేదు. పెళ్ళిళ్ళు డ్రోన్లవాళ్ళు పట్టుకుపోయారు. పుట్టినరోజులు సెల్‌ఫోన్లు పట్టుకుపోయాయి. ముందు గది అద్దెకు కావాలని సెల్‌ఫోన్ కవర్లు అమ్మే అమరనాథ్ నెల నుంచి తిరుగుతున్నాడు. బుధవారం సాయంత్రం ఏ సంగతీ తేల్చి చెబుతానని పురుషోత్తం మాటిచ్చాడు.

నందకిశోర్ భూతద్దం తీసి కోటు వేలాడిన మేకును చూశాడు. ఆ భూతద్దం పురుషోత్తందే. నెగటివ్‌లు చూసుకునేది. పదకొండేళ్ళ కింద అడిగి తీసుకుపోయాడు.

"ఈ మేకు," అన్నాడు మెల్లగా, "చాలా చూసింది."

"అది మేకుర."

"ఇటువంటి కేసుల్లో దొంగ ఎప్పుడూ ఇంట్లో పనివాడే అయి ఉంటాడు. నీ పనివాణ్ణి పిలువు."

"నాకు పనోడు లేడు."

నందకిశోర్ చాలాసేపు ఆలోచించాడు. "గదే పెద్ద ఇబ్బందొచ్చింది. ఒకణ్ణి పెట్టుకోరాదు?"

పూజిత కంప్యూటర్ వెనక తల దించుకుంది. భుజాలు కదులుతున్నాయి. పురుషోత్తం లోపలికి తిరిగి భార్యను మళ్ళీ అడిగాడు. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి.

"నాగమణీ, కోటు చూసినవా?"

"ఏ కోటు జూళ్ళే నేను," అని వంటింట్లోంచి నాగమణమ్మ జవాబిచ్చింది. "పప్పు మాడుతున్నది, నన్ను సతాయించకురి."

"ఆమె అమాయకురాలు," అన్నాడు నందకిశోర్. "పప్పు మాడుతున్నవాళ్ళు నేరాలు చెయ్యరు. పద. గల్లీలో ప్రతి ఇంటి తలుపూ తట్టాలి. మృత్యువులా తట్టాలి."

వద్దని పురుషోత్తం అనేలోపలే అతను మొదటి తలుపు తట్టేశాడు.

అది వామన్‌రావు ఇల్లు. వాళ్ళ పెద్దలు గుడి సేవలో ఉండేవారు. ఈయన సర్కారు ఆఫీసులో చేసి రిటైరై, వాలుకుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. నందకిశోర్ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి, "నల్ల కోటు," అని మాత్రం అని ఆగాడు.

పేపరు కిందికి దిగింది. వామన్‌రావు పురుషోత్తం వైపు చూశాడు. పురుషోత్తం గోడ మీద కేలండర్ వైపు చూశాడు.

లోపలి నుంచి వామన్‌రావు భార్య గోదా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మీకెట్ల తెల్సిందన్నా? ఈయన నల్ల కోటు పోయి ఇరవై ఎనిమిదేండ్లయింది."

"ఇరవై ఎనిమిది," అని రాసుకున్నాడు నందకిశోర్. "ఎలా పోయింది తల్లీ? నిర్భయంగా చెప్పు."

"మా నాయినకు ఫోటో పంపినప్పుడు మస్తు కోటుండె. మనిషి కలెక్టర్ లెక్క ఉన్నడని మా నాయిన నన్నిచ్చిండు. పెండ్లయినంక ఎన్నడు ఏసుకోలె. ఏదయ్యా అంటె, కాశీల వదిలిన అన్నడు."

"కాశీలోనా?"

"అందరు కాకరకాయనో జామకాయనో వదుల్తరు. ఈయన కోటు వదిలిండు."

"ఇష్టమైంది వదలాలె గద," అన్నాడు వామన్‌రావు పేపరు వెనక నుంచి.

గోదా పెట్టెలోంచి పాత ఫోటో తెచ్చి ఇచ్చింది. నందకిశోర్ దాన్ని భూతద్దంతో తలకిందులుగా చూసి, తర్వాత సరిగ్గా చూశాడు. మూడో గుండీ గోధుమరంగు.

పక్కిల్లు శ్రవణ్‌కుమార్‌ది. పసుపూ మిర్చీ హోల్‌సేల్ చేస్తాడు. మాటలో మాట చొరనివ్వని వ్యాపారి. కోటు అనగానే మూగవాడయ్యాడు. భార్య రచన మాత్రం మూగది కాదు.

"మా ఆయన కోటు ఎలుకలు కొట్టినయట భయ్యా. బీర్వా తాళమేసి ఉంటది. లోపల నా పట్టుచీరలు పన్నెండు. ఎలుక తాళం తీసి, చీరలు పక్కకు జరిపి, కోటు ఒక్కటే తిని, మల్ల తాళమేసి పోయిందట. గుండీలు గిట్ల మిగల్లేదా అంటె, గవ్వి గూడ తిన్నదట."

"తాళం తీయగల ఎలుక," అని రాసుకున్నాడు నందకిశోర్.

"థీ ఏక్ ఎలుక," అని సగం హిందీలో గొణిగాడు శ్రవణ్‌కుమార్. ఏ భాషలో అబద్ధమాడాలో అతనికి తోచలేదు.

సాయంత్రానికి పదిహేడు ఇళ్ళయ్యాయి. ఒకాయన కోటు రైల్లో మరిచిపోయాడు. ఒకాయనది మూసీ వరదలో పోయింది. ఇంకొకాయన చలికి వణుకుతున్న సాధువుకు దానమిచ్చాడు. ఆయన పెళ్ళి మే నెలలో అయింది. ప్రతి ఇంట్లోనూ మగవాడు నేల చూపులు చూశాడు. ఆడమనిషి ఫోటో తెచ్చి ఇచ్చింది.

నందకిశోర్ గల్లీ మధ్యలో నిలబడి ఆకాశం వైపు చూశాడు.

"మిత్రమా, నా రక్తం గడ్డకడుతోంది. మూడు దశాబ్దాలుగా ఈ గల్లీ మీద ఒక ముఠా పగబట్టింది. మొత్తం పదిహేడు కోట్లు పోయినయ్."

పైన రెండు కిటికీలు తెరుచుకున్నాయి. ఏ చిట్‌ఫండ్ అని ఒకావిడ అడిగింది.

"నందూ," అన్నాడు పురుషోత్తం. నోటి చివరి దాకా వచ్చింది. అన్నీ ఒకటే కోటురా, దానికి వీపు లేదురా అని చెప్పేస్తే ఈ గోల ఇక్కడితో ఆగుతుంది. కానీ ఈ మనిషితో చెప్పడమంటే మైకులో చెప్పడమే. పదిహేడు కాపురాలు గుర్తొచ్చాయి. తండ్రి గుర్తొచ్చాడు. "ఇంటికి పోయి పండుకో," అని మాత్రం అన్నాడు.

"పడుకోను. రేపు పది గంటలకు ఈ పదిహేడు జంటలూ నీ స్టూడియోలో ఉంటాయి. అందరినీ ఒక్క గదిలో కూర్చోబెట్టి నేరస్థుణ్ణి వేలు పెట్టి చూపించడం డిటెక్టివ్‌ల ఆనవాయితీ."

"పదింటికి ఎల్లమ్మ వస్తదిర. నా గదిల ఆరుగురు పడ్తె ఎక్కువ."

"పిలిచేసిన," అన్నాడు నందకిశోర్ మామూలు గొంతుతో.

బుధవారం పదికి పది నిమిషాలుండగా స్టూడియోలో అడుగు పెట్టే చోటు లేదు. ఆడవాళ్ళు కుర్చీల్లో, మగవాళ్ళు గోడల వెంట, మిగిలినవాళ్ళు మెట్ల మీద. పురుషోత్తం చెయ్యగలిగింది లేక కెమెరా తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. ఎల్లమ్మకు ఏం చెప్పాలో రాత్రంతా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రావడం లేదు.

ఆడవాళ్ళు ఊరికే కూర్చోలేదు. తెచ్చిన ఫోటోలు కౌంటర్ మీద వరసగా పేర్చారు. గోదా వంగి చూసింది. రచన వంగి చూసింది.

"గోదక్కా, మీ ఆయన మూడో గుండీ..."

"మీ ఆయనది గూడ గదే రంగున్నదే పిల్లా."

"వీళ్ళది గూడ."

గోడల వెంట ఉన్న పదిహేడు మంది ఒక్కసారే దగ్గారు.

"శభాష్," అన్నాడు నందకిశోర్ ముందుకొచ్చి. "నేను చెప్పబోయేదే మీరు కనిపెట్టారు. పదిహేడు కోట్లకూ ఒకే గుర్తు. అంటే ముఠా కోట్లు దొంగిలించడానికి ముందే వాటికి గుర్తు పెట్టింది. ఎంత క్రూరమైన ప్రణాళిక."

గోదా అతన్ని పట్టించుకోలేదు. భర్తనే చూస్తోంది. ఆమె నోరు తెరవబోయేంతలో బయట ట్రాలీ ఆటో ఆగింది. మెట్ల మీద వాళ్ళు పక్కకు జరిగారు. ఎల్లమ్మ లోపలికి వచ్చింది.

ఎర్రంచు చీర కట్టింది. చీర మీద కోటేసుకుంది. ముదురు నీలం కోటు, ఇస్త్రీ మడత నలగలేదు, బంగారు రంగు గుండీలు మెరుస్తున్నాయి. కొలత తీసి కుట్టినట్టు ఒంటికి అతికినట్టుంది.

పురుషోత్తానికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆమె తన కోటు తనే తెచ్చుకుంది. ఆ వెంటనే మళ్ళీ కుంగింది. ఆ కోటు ఆమెకే సరిపోతుంది. ఊళ్ళో మిగిలిన రెండువందల పదకొండు ఇళ్ళకు ఏ కోటు వేస్తాడు?

నందకిశోర్ మాత్రం కోటు చూడగానే కాళ్ళు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టాడు. పెద్ద ఆఫీసరని అనుకున్నాడు.

"రండి మేడమ్. సరైన సమయానికి వచ్చారు. అందరూ జరగండి. మేడమ్‌కు కుర్చీ ఇవ్వండి."

ఎల్లమ్మ కూర్చుంది. "ఏమాయె సేటూ, ఇంతమంది?"

"కోటు పోయింది మేడమ్," అన్నాడు నందకిశోర్ ఆమె చుట్టూ తిరుగుతూ. "ఒకటి కాదు. నల్ల కోట్లు. ఆ దొంగ ఈ పాటికి రాష్ట్రం సరిహద్దు దాటి ఉంటాడు. వాడు మీ ఎదురుగా నిలబడినా మీరు గుర్తుపట్టలేరు. నేను పడతాను. గాలి వాసన చూసి పడతాను. నేరస్థుడు ఎంత తెలివైనవాడైనా..."

అంటూ వెనక్కి అడుగేశాడు. ఆ అడుగు లైటు స్టాండు తీగలో పడింది. రెండు చేతులూ గాల్లో తిప్పాడు. ఒక చేతికి ఏమీ దొరకలేదు. రెండో చేతికి ఎల్లమ్మ కోటు వీపు దొరికింది.

పర్రున చిరిగింది. మెడ నుంచి నడుము దాకా వీపు మొత్తం ఊడి అతనితో పాటు నేల మీదికి వచ్చింది.

ఎల్లమ్మ లేచి వెనక్కి తిరిగింది. నీలం చేతులు ఉన్నాయి, భుజాలు ఉన్నాయి. మధ్యలో వీపు లేదు. వెనక చీర కనబడుతోంది.

"అరే," అన్నాడు వామన్‌రావు. "మన కోటు."

"గదే," అన్నాడు శ్రవణ్‌కుమార్.

"గదే గదే," అన్నారు గోడల వెంట ఉన్న మిగిలిన పదిహేను మందీ. ముందు నుంచి చూసినంతసేపూ పోల్చుకోనివాళ్ళు, వీపు ఊడగానే చుట్టాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టారు. అన్న తర్వాత గానీ తాము ఏమన్నారో వాళ్ళకు తెలియలేదు. అప్పటికి పదిహేడు మంది ఆడవాళ్ళూ అటు తిరిగారు.

గోదా కౌంటర్ మీది ఫోటో చేతిలోకి తీసుకుంది.

"నాది నల్లది గదా, ఇది నీలముందేంది?" అని ముందుగా అడిగింది పురుషోత్తమే.

"ఉతికిన సేటూ," అంది ఎల్లమ్మ. "మూడు నీళ్ళు నల్లగ పొయ్యి, నాలుగో నీళ్ళకు నీలం తేలింది. ఎన్నడు ఉతకలేదా ఏంది?"

"నీ తానికి ఎట్లొచ్చింది?"

"మీ ఇంటామెనే ఇచ్చింది. సోమారం ఆకుకూర ఇద్దామని వచ్చిన. చలికి ఒణుకుతుంటె, మేకుకున్న గుడ్డ తీసి కప్పుకొని పో అన్నది. ఇంటికి పోయి ఇప్పి చూస్తె కోటు. ఎన్క లేదు. పాపం, పట్నపోల్ల తాన కోటు గూడ సగమే ఉన్నదని, మా ఊరి దర్జీ తోని ఎన్క కుట్టిచ్చి, కొత్త గుండీలు పెట్టిచ్చిన. ఇచ్చినోల్లకు అట్లనే తిరిగిస్తె ఏం బాగుంటది?"

నాగమణమ్మ చాయ్ గ్లాసుల పళ్ళెంతో వచ్చి వాకిలిలో నిలబడింది. "కోటు అని నాకేం తెల్సు? తిరగేసి ఉండె. అస్తరు కనబడ్డది. ముట్టుకుంటె సగం గుడ్డ. కోటుకు ఎన్క ఉండదా ఏందయ్యా?"

జవాబు చెప్పగలిగినవాళ్ళు పదిహేడు మంది ఉన్నారు. అందరూ నేల చూస్తున్నారు.

"ఇరవై ఎనిమిదేండ్లు," అంది గోదా మెల్లగా. "కాశీల వదిలిండట. నా కోసం వదిలిండనుకున్న. ఆ కోటు కోసం నేను కాకరకాయ తినుడు బంద్ జేసిన."

"అదెందుకే?" అన్నాడు వామన్‌రావు.

"నువ్వు అంత పెద్దది వదిల్తె, నేను చిన్నదన్న వదలద్దా?"

ఆ మాటకు ఎవరికి నవ్వు ముందు వచ్చిందో తెలియదు. రచన అయి ఉంటుంది. తర్వాత గదిలో ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. శ్రవణ్‌కుమార్ ఎలుక గురించి ఏదో చెప్పబోయాడు. రచన వద్దని చెయ్యి చూపింది.

పురుషోత్తం నవ్వలేదు. ఎల్లమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నేను మోసం జేసిన అనుకో. మా బాపు కాలం నుంచి గిట్లనే తీసినం. నిజం కోటు కావాలన్నవు. ఇది సగం కోటే."

ఎల్లమ్మ చిరిగిన అంచును చేత్తో తడిమి చూసింది. "ఫోటోల ఎన్క కనబడ్తదా?"

"కనబడది."

"ఎన్కుంటె ఎవరికి పడ్తది?"

"నీకొక్కదానికే."

"లేకుంటె?"

పురుషోత్తం గోడల వెంట ఉన్న పదిహేడు మందినీ చూశాడు. "అందరికి పడ్తది."

"మరింకేంది?" అంది ఎల్లమ్మ. "మా ఊర్ల సన్నపోల్లున్నరు, దొడ్డోల్లున్నరు. ఒకనికి కుడితె ఇంకొకడు లొల్లి జేస్తడు. ఎన్క లేందే మంచిదాయె. కూసోబెట్టు నన్ను, ఫోటో తీ. సోమారం నుంచి మా ఊరికి రా."

నేల మీద పడ్డ నందకిశోర్ అప్పుడు లేచాడు. చేతిలో కోటు వీపు ఉంది. చుట్టూ చూసి గొంతు సవరించుకున్నాడు. "నేరస్థురాలు నేరస్థలానికి తిరిగి వస్తుందని నాకు ముందే తెలుసు. అందుకే కదా అందరినీ ఇక్కడ కూర్చోబెట్టాను."

"కూసోబెట్టినవ్ లే," అన్నాడు పురుషోత్తం. తిట్టాలనుకున్నాడు. తిట్టు రాలేదు. అతను పడకపోతే కోటు ఎల్లమ్మ ఒంటికి అతికినట్టు అట్లాగే ఉండేది. ఊరి పని పోయేది. చెబితే ఈ మనిషి జన్మంతా ఆ మాటే చెప్పుకుంటాడు. అందుకని చెప్పలేదు. సాయంత్రం అమరనాథ్ వస్తే మాత్రం గది ఖాళీ లేదన్నాడు.

సోమవారం పొద్దున ఊళ్ళో మొదటి ఇల్లు. వాకిట్లో బల్ల వేసి ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. ముసలి పెద్దాయన మధ్యలో. ఆయనకు చొక్కా వేసుకునే అలవాటు లేదు. ఒట్టి ఒంటి మీదే కోటు తొడిగారు. క్లిప్పులు పట్టడానికి ఏమీ లేదు. ఎవరో ఒకరు వెనక కూర్చుని రెండు అంచులూ చేతులతో పట్టుకోవాలి. ఎల్లమ్మ అటూ ఇటూ చూసి, పనేమీ లేకుండా వెంట వచ్చిన మనిషిని చూపించింది.

నందకిశోర్ బల్ల వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పూజిత లైటుకు అడ్డంగా అట్ట పట్టుకుంది. పురుషోత్తం కెమెరాలో కన్ను పెట్టాడు. ముసలాయన మీసం దువ్వుకున్నాడు. మనవరాలు కళ్ళు పెద్దవి చేసింది. నీలం కోటు ఠీవిగా ఉంది. దాని వెనక ఎవరూ లేనట్టే ఉంది.

"మిత్రమా," అని ముసలాయన వీపు వెనక నుంచి మాట వినబడింది. "అసలైన డిటెక్టివ్ ఎవరి కంటికీ కనబడడు. ఇంకా రెండువందల పదకొండు ఇళ్ళు. ఇక్కడ నుంచి నేను ఒక్కొక్క వీపునూ పరిశీలిస్తాను."

"మాట్లాడకు," అన్నాడు పురుషోత్తం. "కోటు ఊగుతున్నది."